సన్ పిక్చర్స్, బ్రూమ్: తలుపులూ బెంచీలూ చెప్పే చరిత్ర (కేస్ స్టడీ)

పాత సినిమా హాళ్లను కొలిచి, పటాలు గీసి, వారసత్వ కట్టడాలుగా నమోదు చేసే పనిలో ఉన్నవాళ్లకు ఒక చిక్కు తరచు ఎదురవుతుంది. హాలు ఎవరిది, ఎప్పుడు కట్టారు, మొదట ఆడిన బొమ్మ ఏది అన్న ప్రశ్నలకు జవాబిచ్చే కాగితాలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. ఏళ్ల తరబడి రోజుకూలి డబ్బుతో టిక్కెట్టు కొని ఆ హాలును బతికించిన పనివాళ్ల గురించి చెప్పే కాగితాలు మాత్రం దాదాపు ఉండవు. వాళ్ల జాడ కట్టడంలోనే వెతుక్కోవాలి. ఏ తలుపు గుండా లోపలికి వచ్చారు, దేనిమీద కూర్చున్నారు, వాన వస్తే ఎవరి నెత్తిన కప్పు ఉంది అన్నవే వాళ్ల చరిత్రకు మొదటి ఆధారాలు. ఈ పద్ధతి ఎంత దూరం పనికొస్తుందో చూపించడానికి, పశ్చిమ ఆస్ట్రేలియాలోని బ్రూమ్ పట్టణంలో 1916 నుంచి నిలిచి ఉన్న సన్ పిక్చర్స్ అనే ఆరుబయలు సినిమా హాలును ఇక్కడ పరిశీలిస్తున్నాను. చెన్నైలో అదే పేరుతో ఉన్న చిత్ర నిర్మాణ సంస్థకూ దీనికీ సంబంధం లేదు.

ఈ హాలు గురించి లోకం ఎక్కువగా చెప్పుకొనేది, నేటికీ నడుస్తున్న ఆరుబయలు సినిమా హాళ్లలో ఇదే అతి పాతదని. ఆ గౌరవం దానికి తగినదే. అయితే ఎంత పాతది అన్న ప్రశ్న ముందుకొచ్చినప్పుడల్లా, ఎవరి కోసం నడిచింది అన్న ప్రశ్న వెనక్కి పోతోంది. కట్టడంలో కాపాడవలసిన ముఖ్యమైన ఆధారం ఆ రెండో ప్రశ్నకు సంబంధించినదని నా అభిప్రాయం.

ఊరు, పని, పనివాళ్లు

విజయనగరం భూమధ్యరేఖకు ఉత్తరాన ఎంత దూరంలో ఉందో, బ్రూమ్ దక్షిణాన దాదాపు అంతే దూరంలో ఉంది. యావురు అనే ఆదివాసీ ప్రజల నేలమీద, రోబక్ అఖాతం ఒడ్డున, 1883లో దీన్ని అధికారికంగా పట్టణంగా ప్రకటించారు. ఊరికి ప్రాణం ముత్యాల కన్నా ముత్యపు చిప్పలు. ఆ సముద్రంలో దొరికే పెద్ద జాతి చిప్పల లోపలి మెరుపు పొరతో యూరప్, అమెరికా దేశాల్లో చొక్కా గుండీలు తయారయ్యేవి. ముత్యం దొరికితే అది అదనపు లాభం. 1910 నాటికి ఈ చిన్న ఊరి నుంచి 400కు దగ్గరగా తెరచాప పడవలు వేటకు బయలుదేరేవి. ఆ పడవలను అక్కడ లగ్గర్లు అంటారు.

పని ఎవరు చేశారన్నది హాలు చరిత్రకు చాలా ముఖ్యం. తొలి దశలో ఆదివాసులను, వాళ్లలో ఆడవాళ్లను కూడా, బలవంతంగా పట్టుకొచ్చి ఊపిరి బిగబట్టి నీళ్లలో మునగమన్నారు. తరవాత లోహపు టోపీ, రబ్బరు దుస్తులు, గాలి పంపు వచ్చాయి. చేరువలో చిప్పలు తరిగిపోవడంతో లోతుకు పోవలసి వచ్చింది. ఆ పనిలో జపాన్ నుంచి వచ్చినవాళ్లు ముందు నిలిచారు. పడవల మీద మలయా, ఫిలిప్పీన్స్, తిమోర్‌లోని కుపాంగ్ ప్రాంతాల నుంచి ఒప్పందం మీద తెచ్చిన కూలీలు పనిచేసేవారు. చైనావాళ్లు దుకాణాలు, భోజనశాలలు నడిపేవారు. తెల్లవాళ్లలో ఎక్కువమంది పడవల యజమానులు, అధికారులు, వర్తకులు. మన ఉత్తర కోస్తా నుంచి బర్మాకు, మారిషస్‌కు, ఫిజీకి మనవాళ్లు కూలికి వెళ్లిన కాలమూ దాదాపు ఇదే కనుక, ఈ ఏర్పాటు ఎలాంటిదో తెలుగు పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. 1901లో ఆస్ట్రేలియా చేసిన వలస నిరోధక చట్టం ఆసియావాళ్ల రాకను దాదాపు ఆపేసింది, కానీ ముత్యపు చిప్పల వేటకు మినహాయింపు దొరికింది. ఆసియా డైవర్ల స్థానంలో తెల్లవాళ్లను పెట్టాలని 1912లో బ్రిటిష్ డైవర్లను రప్పించి చూశారు, ఆ ప్రయోగం విఫలమైంది. లోతు నీళ్ల పని ఎంత ప్రాణాంతకమో బ్రూమ్‌లోని జపనీయుల శ్మశానమే చెబుతుంది. తుఫానుల్లో మునిగి, లోతు నీళ్ల నుంచి త్వరగా పైకి రావడం వల్ల కలిగే ఒత్తిడి జబ్బుతో చచ్చుబడి పోయినవాళ్లతో కలిపి అక్కడ 900 మందికి పైగా ఉన్నారు. ఆ పనికి ఈ మనుషులు లేనిదే గడవదు, ఈ దేశంలో మాత్రం వాళ్లు స్థిరపడకూడదు. సినిమా హాలులో ఎవరి చోటు ఎక్కడ అన్నది ఈ రెండు మాటల మధ్యనే తేలింది.

దుకాణం హాలుగా మారిన తీరు

హాలున్న స్థలం బ్రూమ్‌లోని చైనాటౌన్‌లో, కార్నర్వన్ వీధిలో ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యమసాకి అనే జపనీ కుటుంబం అక్కడ ఆసియా సరుకుల దుకాణం నడిపింది. ఆ కుటుంబ పెద్దకు నాటకాలంటే ఇష్టం కావడంతో దుకాణంలో కొంత భాగంలో జపనీ నాటకాలు కూడా ఆడేవారు. 1913లో ఆ ఆస్తిని టెడ్ హంటర్ అనే పడవల యజమాని కొన్నాడు. క్లాడ్ హాక్స్ అనే వాస్తుశిల్పి చేత సుమారు 500 మంది పట్టే సినిమా హాలుగా దాన్ని మార్పించాడు. 1916 డిసెంబరు 9న తొలి ఆట పడింది. ఆడింది గుర్రప్పందాల చుట్టూ తిరిగే ఒక బ్రిటిష్ మూగ చిత్రం.

ఆ తేదీని ప్రత్యేకంగా గమనించాలి. బ్రూమ్‌లో డిసెంబరు అంటే తుఫానుల కాలం మొదలైనట్టు. లగ్గర్లు కొన్ని నెలల పాటు సముద్రం మీదికి పోకుండా ఒడ్డున, మడ అడవుల అంచున నిలిచిపోతాయి, వాటి మీద పనిచేసే వందలాది కూలీలు ఊళ్లోనే ఉంటారు. చేతిలో కాస్త డబ్బు, కావలసినంత తీరిక, పోవడానికి జూదశాలలూ భోజనశాలలూ తప్ప వేరే చోటు లేని జనం. అలాంటి సమయంలో హాలు తెరవడం కాకతాళీయం అయినా కాకపోయినా, హాలు ఆదాయం ఈ జనం మీద ఆధారపడి ఉందని లెక్క కట్టడం కష్టం కాదు. ఊళ్లో ఉన్న కొద్దిమంది తెల్లవాళ్ల టిక్కెట్లతోనే 500 సీట్ల హాలు నడవదు.

కట్టడం నిర్మాణం చాలా సాదా. చెక్క చట్రం, జింకు రేకుల గోడలు, వీధి వైపు ముఖద్వారం, వెనక భాగాన ప్రేక్షకుల మీదికి రేకుల కప్పు. ముందు భాగమూ తెరా ఆకాశం కిందనే ఉంటాయి. ఈ సగం కప్పు వెనక స్పష్టమైన ఆలోచన ఉంది. అక్కడ ఏడాదిలో కురిసే వానలో ఎక్కువ భాగం జనవరి నుంచి మార్చి లోపే కురుస్తుంది, కూలీలు ఊళ్లో ఉండేదీ ఆ నెలల్లోనే. అంటే ప్రేక్షకులు దండిగా దొరికే కాలమూ ఆరుబయలు ఆటకు అనుకూలించని కాలమూ ఒకటే. పూర్తిగా కప్పేస్తే ఆ ఉక్కపోతలో రేకుల కింద మనిషి కూర్చోలేడు, పూర్తిగా తెరిచి ఉంచితే ఒక్క జల్లుకే ఆట ఆగిపోతుంది. సగం కప్పు ఈ రెండింటికీ మధ్య కుదుర్చుకున్న ఒప్పందం. కప్పు పడని సగంలో కూర్చున్నవారికి ఆ ఒప్పందం వర్తించదన్నది అక్కడ పటం గీసేవారు గుర్తు పెట్టుకోవలసిన సంగతి.

సీట్ల అమరిక

హాలు చరిత్రలో అన్నింటికన్నా ఎక్కువ సమయం వెచ్చించవలసిన చోటు ఇదే. సన్ పిక్చర్స్‌లో సీటును నిర్ణయించింది చర్మం రంగు. నడిమి భాగంలో పేము కుర్చీలు తెల్లవాళ్లవి. జపనీయులకు, చైనావాళ్లకు వేరే వరసలు. మలయావాళ్లు, ఫిలిప్పీన్స్‌వాళ్లు, కుపాంగ్‌వాళ్లు, ఆదివాసులు వేరే దారిన లోపలికి వచ్చి చెక్క బెంచీల మీద కూర్చునేవారు. పడవ మీద ఉన్న పని క్రమమే ఇక్కడ కూర్చునే క్రమంగా మారింది. నడుమ యజమాని, ఆ పక్క అతనికి అన్నిటికన్నా లాభం తెచ్చే డైవరు, అంచున తాళ్లు లాగి, పంపు తిప్పి, చిప్పలు విప్పే కూలీ, అందరికన్నా చివర ఈ నేలకు అసలు హక్కుదారులైన ఆదివాసులు. జపనీ కుటుంబం కట్టించిన దుకాణంలోనే, జపనీ నాటకాలు ఆడిన చోటనే, జపనీయులకు నడిమి కుర్చీలు అందకుండా పోయాయి. స్థలం చేతులు మారడానికీ హాలు తెరవడానికీ మధ్య గడిచింది మూడేళ్లే.

ఈ అమరికను ఆ రోజుల మామూలు అలవాటుగా తీసి పారేయకూడదు. ఒక రాత్రి నడవాలంటే దానికి కొన్ని ఏర్పాట్లు కావాలి. టిక్కెట్టు అమ్మేచోట మనిషి మొహం చూసి దారి చూపించేవాడు ఉండాలి, వేరే తలుపు ఉండాలి, బెంచీలకూ కుర్చీలకూ మధ్య దాటకూడని హద్దు ఉండాలి, దాటితే లేపి పంపించే చౌకీదారు ఉండాలి. అంటే వివక్షకు నిర్మాణ ఖర్చు ఉంది, జీతం ఖర్చు ఉంది. యజమాని ఆ ఖర్చు పెట్టడానికి సిద్ధపడ్డాడంటే, అది హాలు వ్యాపారంలో భాగంగా ఆలోచించి చేసిన పని. కొలతలు తీసేవారు తలుపు వెడల్పును ఎంత శ్రద్ధగా రాసుకుంటారో, ఆ తలుపు ఎవరి కోసమో కూడా అంతే శ్రద్ధగా రాసుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

దక్షిణాదిలో సినిమా హాలు గురించి చరిత్రకారులు తరచు చెప్పే మాట ఒకటుంది. కులాన్ని బట్టి కాకుండా టిక్కెట్టు ధరను బట్టి జనం ఒకే కప్పు కింద కూర్చున్న తొలి వినోదశాల సినిమా హాలే అంటారు. మన టూరింగ్ టాకీసుల్లో నేల, బెంచీ, కుర్చీ అన్న తరగతులు తెలిసినవాళ్లకు ఇందులో కొంత నిజం కనిపిస్తుంది. నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టగలిగితే నేల మీంచి బెంచీకి జరగవచ్చు. ఊళ్లో కులం హాలు గుమ్మం దగ్గరే ఆగిపోయిందని మాత్రం నేను అనను. ఎవరి చేతిలో కుర్చీ డబ్బులు ఉండేవన్నదే కులంతో ముడిపడిన ప్రశ్న. అయినా తేడా గుర్తించాలి. బ్రూమ్‌లో ఒక కుపాంగ్ కూలీ చేతిలో పేము కుర్చీకి సరిపడా డబ్బున్నా ఆ కుర్చీ అతనిది కాదు. సినిమా హాలు సహజంగానే మనుషులను కలుపుతుందన్న నమ్మకంతో కట్టడాన్ని చూస్తే ఈ తేడా కంటికి ఆనదు.

అలాగని హాలు ఆ కూలీలకు అవమానం మాత్రమే ఇచ్చిందనడం కూడా అన్యాయం. వాళ్లు డబ్బిచ్చి వచ్చారు, మళ్లీ మళ్లీ వచ్చారు. పడవల మీద ఇన్ని దేశాలవాళ్లు కలిసి పనిచేయడంలో మలయా భాష పునాదిగా ఒక కలగాపులగపు భాష పుట్టింది. అలాంటి జనానికి మూగ చిత్రం చాలా దగ్గరగా ఉండి ఉంటుంది. తెర మీది అక్షరాలు ఇంగ్లీషువే అయినా, పరుగు, దెబ్బలాట, నవ్వు, ఏడుపు చూసి అర్థం చేసుకోవడానికి ఏ భాషా అక్కరలేదు, పక్కన ఎవరో ఒకరు చదివి చెప్పినా నష్టం లేదు. 1933లో టాకీలు వచ్చాక మాట ప్రధానమైంది. తెలుగువాళ్లకు అంతకు ముందు ఏడాదే తెలుగు మాట్లాడే తెర దొరికింది. బ్రూమ్ బెంచీల మీది జనానికి దొరికింది యజమాని భాష మాట్లాడే తెర. అయినా బెంచీలు ఖాళీ కాలేదన్నది ఆ జనానికి సినిమా మీద ఉన్న మక్కువకు గుర్తుగా తీసుకోవచ్చు.

హాలు బయట పరిస్థితులూ ప్రశాంతంగా లేవు. 1920 డిసెంబరులో, పడవలు ఒడ్డున నిలిచి కూలీలంతా ఊళ్లో ఉన్న సమయంలోనే, జపనీయులకూ కుపాంగ్‌వాళ్లకూ మధ్య పెద్ద అల్లర్లు జరిగి మనుషులు చనిపోయారు. 1905 నాటి ఆదివాసీ చట్టం ఆదివాసీ స్త్రీలు ఇతరులతో కలిసి జీవించడాన్ని నేరం చేసింది. అయినా మలయా తండ్రికీ ఆదివాసీ తల్లికీ, జపనీ తండ్రికీ ఆదివాసీ తల్లికీ పుట్టిన పిల్లలతో ఊరు నిండింది. అలాంటి కుటుంబం సినిమాకు వస్తే ఎవరు ఏ వరసలో కూర్చోవాలి? వేరువేరు తలుపులు పెట్టిన హాలు ఈ ప్రశ్నను ప్రతి రాత్రీ ఎదుర్కొని ఉండాలి. బ్రూమ్‌లోని పాత కుటుంబాల జ్ఞాపకాలను సేకరించేవారు అడగవలసిన వాటిలో మొదటి ప్రశ్న ఇదేనని నాకనిపిస్తుంది.

పోటు నీళ్లు

బ్రూమ్ తీరంలో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం తేడా పెద్ద పోట్ల రోజుల్లో 9 మీటర్లు దాటుతుంది. చైనాటౌన్ పల్లపు ప్రాంతం, పక్కనే డాంపియర్ వాగు, మడ చెట్లు. అమావాస్య, పౌర్ణమి పోట్లకు సముద్రం వీధుల్లోకి, అక్కడి నుంచి హాలులోకి వచ్చేది. పౌర్ణమి సాయంత్రాల్లో అక్కడ నీళ్లు బాగా వెనక్కి పోయి ఉంటాయి. ఆ తరవాత ఆరు గంటలకు కాస్త అటూ ఇటూగా నిండు పోటు. చీకటి పడ్డాక మొదలైన ఆట సగం దాటేసరికి నీళ్లు కాళ్ల దగ్గరికి చేరడానికి కారణం ఇది. జనం కాళ్లు పైకి పెట్టుకొని బొమ్మ చూసేవారని, ఆట ముగిశాక ఆడవాళ్లను మగవాళ్లు మోసుకుపోయేవారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1974లో కట్ట వేశాక ఈ బెడద తీరింది.

ఊరివాళ్లు ఇవి ఇష్టంగా తలచుకొనే జ్ఞాపకాలే. వాటిని నమోదు చేసేటప్పుడు మాత్రం నేల మట్టాలు తీయాలి. నీళ్లు అన్ని వరసలకూ ఒకేసారి చేరవు, నేల పల్లంగా ఉన్న వైపు ముందు చేరతాయి. ఉప్పునీరు చెక్క స్తంభాల అడుగు భాగాన్ని, రేకుల అంచులను ఎలా తింటుందో, ఏ మట్టం దాకా తిన్నదో చూస్తే పాత నీటి గీత తెలుస్తుంది. ఆ గీతను సీట్ల పటం మీద పరిస్తే తడిసినవాళ్లు ఎవరో, పొడిగా ఉన్నవాళ్లు ఎవరో తేలుతుంది. మరమ్మతుల్లో ఆ స్తంభాల అడుగులు కోసి కొత్త చెక్క అతికించడం మామూలే కనుక, ఆ పనికి ముందే గీతను కొలవాలి.

యుద్ధం, గుండీలు, ఆ తరవాత

1941 డిసెంబరులో జపాన్ యుద్ధంలోకి రాగానే బ్రూమ్‌లోని జపనీయులను, అక్కడే పుట్టిపెరిగినవాళ్లతో సహా, నిర్బంధ శిబిరాలకు తరలించారు. 1942 మార్చి 3న జపాన్ విమానాలు ఊరిమీద దాడి చేశాయి. అఖాతంలో ఆగి ఉన్న నీటి విమానాల్లో డచ్చి శరణార్థులు ఉండడంతో ప్రాణనష్టం ఎక్కువైంది. ఊరు దాదాపు ఖాళీ అయింది, హాలు మూతబడింది. యుద్ధం ముగిశాక ఆటలు మళ్లీ మొదలయ్యాయి కానీ చిప్పల గిరాకీ ఎక్కువ కాలం నిలవలేదు. 1950ల్లో ప్లాస్టిక్ గుండీలు వచ్చి ఆ వ్యాపారాన్ని తుడిచిపెట్టాయి. 1956 నుంచి పెంపకపు ముత్యాలు ఆ చోటు తీసుకున్నా, వాటికి వందల పడవలూ వేల కూలీలూ అక్కరలేదు.

బెంచీల మీది జనం ఇలా తగ్గిపోతున్నా వేరు సీట్ల పద్ధతి మాత్రం 1960ల దాకా కొనసాగింది. ఈ వరసను గమనించాలి. వివక్షకు కారణంగా చూపిన పని వ్యవస్థ ముందే కూలిపోయింది, వివక్ష దాని వెనక చాలాకాలం నిలబడింది. హాలు అలవాటు చేసిన హద్దు, హాలును నడిపిన వ్యాపారం కన్నా ఎక్కువ కాలం బతికింది.

ఆ తరవాతి చరిత్ర తెలిసినదే. ఊరు పర్యాటక కేంద్రమైంది, హాలు రాష్ట్ర వారసత్వ జాబితాకు ఎక్కింది. ఇప్పుడు ఆకాశం కింద గుడ్డ పడక కుర్చీల్లో కూర్చొని బొమ్మ చూస్తున్నవాళ్ల తలల మీదుగా పక్కనే ఉన్న విమానాశ్రయంలో దిగే విమానాలు చాలా కిందుగా పోతుంటాయి. ఎవరు ఎక్కడైనా కూర్చోవచ్చు. హాలు ఇంకా నడుస్తూ ఉండడం నాకు నిజంగా సంతోషం కలిగించే సంగతి. ప్రదర్శన ఆగిపోయిన హాలు రెండు వానాకాలాల్లో శిథిలమవుతుందని మన ఊళ్లలో ఎన్నోసార్లు చూశాం.

నమోదులో చేర్చవలసినవి

సన్ పిక్చర్స్ లాంటి హాలుకు మామూలుగా తయారయ్యే నివేదికలో నిర్మాణ దశలు, యజమానుల వరస, సామగ్రి స్థితి ఉంటాయి. వాటితో పాటు 1916 నుంచి 1960ల దాకా సీట్ల అమరికను, ఎవరి సీట్లు ఎక్కడ అన్న వివరంతో, ఒక ప్రత్యేక పటంగా గీయాలి. మూసేసిన, మార్చేసిన ప్రవేశ ద్వారాలను అదే పటంలో చూపాలి. సందర్శకులకు చెప్పే కథలో పోటు నీళ్ల ముచ్చటకు ఎంత చోటు ఇస్తున్నారో పక్క తలుపుకూ అంత చోటు ఇవ్వాలి. కట్టడంలో మార్పులకు అనుమతి ఇచ్చేటప్పుడు, పాత అడ్డుగోడ అయినా, బెంచీ బిగించిన మేకుల జాడ అయినా, ఆధారంగా లెక్కించాలి.

మన టూరింగ్ టాకీసుల విషయంలో పని ఇంకా కష్టం. డేరా ఎత్తేశాక నేలమీద ఏమీ మిగలదు. తాత్కాలిక అనుమతి మీద నడిచినవి కనుక కాగితాలూ పలచనే. అందుకని నేల టిక్కెట్టు మీద కూర్చున్నవారి జ్ఞాపకంతోనే పటం గీయాలి. ఘంటసాల 'నమో వేంకటేశా' వినిపించగానే ఏ వాడ నుంచి ఎవరు బయలుదేరేవారు, నేలలో ఆడవాళ్ల వైపు ఎక్కడ ఉండేది, ఎవరు ఎవరికి ఎడంగా కూర్చునేవారు అని విడివిడిగా అడిగి, ఒక్కొక్కరి చేతా ఒక్కొక్క పటం గీయించి, ఒకదాని మీద ఒకటి పరిచి చూడాలి. బ్రూమ్‌లోనూ ఇదే పద్ధతి పనికొస్తుంది. 1960ల్లో పక్క తలుపు గుండా లోపలికి వచ్చిన పిల్లలకు ఇప్పుడు డెబ్బయి ఏళ్లు దాటి ఉంటాయి, వాళ్లతో కూర్చొని పటాలు గీయించే పని కొలతల పనికన్నా ముందు జరగాలి.